స్కోపు కొనే ముందు ఒక్కసారి కడిగే గదికి రండి

యూరాలజీ డాక్టర్లకి, ఆసుపత్రుల్లో ఏం కొనాలో తేల్చే కొనుగోలు కమిటీ పెద్దలకి నమస్కారం.

నేను యూరాలజీ థియేటర్ పక్కనుండే చిన్న గదిలో స్కోపులు, అంటే మూత్రసంచి, కిడ్నీ లోపలికి పంపి చూసే గొట్టాలు, కడుగుతాను. 12 ఏళ్లుగా ఇదే పని. మీలో చాలామంది నాలాంటి వాళ్ల మొహం కూడా సరిగ్గా చూసి ఉండరు, ఎందుకంటే కేసు అవ్వగానే స్కోపు మా వైపు తలుపులోంచి లోపలికొస్తుంది, మళ్లీ కేసు టైముకి ట్రేలో సర్దుకుని మీ చేతికొస్తుంది, మధ్యలో దానికి ఏమైందో అడిగే తీరిక ఎవరికీ ఉండదు. ఆ మధ్యలో జరిగేదాని గురించే ఈ ఉత్తరం.

ఈమధ్య యూరాలజీలో ఎవరిని కదిపినా ఒకటే వాదన. ఒక్కసారి వాడి పారేసే డిస్పోజబుల్ స్కోపులు కొనాలా, కడిగి మళ్లీ మళ్లీ వాడే రీయూజబుల్ స్కోపులే ఉంచుకోవాలా అని. ఒకరు ఇన్‌ఫెక్షన్ అంటారు, ఒకరు ఖర్చు అంటారు, ఇంకొకరు ఇంత ప్లాస్టిక్ చెత్త ఎక్కడ పోస్తాం అంటారు. అందరి మాటలోనూ నిజముంది. కానీ నాకు తెలిసి ఆ మాటలు జరిగేచోటికి స్కోపు కడిగే మనిషిని ఎవరూ పిలవలేదు. ఒక స్కోపు కడగడానికి ఎంతసేపు పడుతుంది, కడగడానికి ఎంతమంది ఉన్నారు, ఆరబెట్టడానికి గాలి లైను ఉందా లేదా అని ఎవరూ అడగలేదు. ఆ సంగతి తెలుసుకోకుండా మీరు ఏ స్కోపు కొన్నా చివరికి నష్టపోయేది టేబుల్ మీద పడుకున్న పేషెంటే. నేను చెప్పాలనుకున్నది ఇంతే, మిగతాదంతా దానికి వివరణ.

ముందు రిజిడ్ స్కోపుల సంగతి పక్కన పెట్టేద్దాం. అవి తిన్నటి లోహపు గొట్టాలు. విడదీసి కడిగి, ఆటోక్లేవ్ చెయ్యొచ్చని రాసున్న వాటిని 134 డిగ్రీల ఆవిరిలో పెట్టేస్తే మాకూ మీకూ నిశ్చింత. వాటి మీద పెద్దగా గొడవ లేదు. గొడవంతా ఫ్లెక్సిబుల్ వాటితోనే, అంటే మూత్రసంచిలోకి చూసే ఫ్లెక్సిబుల్ సిస్టోస్కోపు, మూత్రనాళంలోంచి కిడ్నీ దాకా వెళ్లే ఫ్లెక్సిబుల్ యూరిటెరోస్కోపు. వీటిని ఆవిరిలో పెడితే పాడైపోతాయి. అందుకే క్రిముల్ని చంపే మందులో నానబెట్టాలి, లేదా తక్కువ వేడి మీద పనిచేసే గ్యాసుల్లో స్టెరిలైజ్ చెయ్యాలి.

ఒక్క యూరిటెరోస్కోపు కడగడం ఎలా ఉంటుందో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి. దాని మందం 3 మిల్లీమీటర్ల దగ్గర. పొడవు 70 సెంటీమీటర్ల దగ్గర. దాని లోపల, మీరు రాయి పగలగొట్టే లేజర్ ఫైబర్, ముక్కల్ని పట్టి తీసే బాస్కెట్ పంపే దారి 1.2 మిల్లీమీటర్లు. అంటే పెన్సిల్ లోపలి ములుకంత కూడా లేని సందు. ఆ సందులోంచి రాయి పొడి, రక్తం, పొరల ముక్కలు, సెలైన్ అన్నీ వస్తాయి. కేసు అయిన వెంటనే టేబుల్ దగ్గరే పైన తుడిచి, లోపల నీళ్లు కొట్టి పంపాలి. ఆ ఒక్క పని థియేటర్‌లో జరక్కపోతే మా గదిలో ఎంత తోమినా సగం వృథా. ఆరిపోయిన రక్తం ఆ సందులో ఎలా అంటుకుంటుందో అంటుగిన్నె కడిగిన ఎవరికైనా అర్థమవుతుంది. గంట దాటిందంటే మామూలు పద్ధతి చాలదు, ఆలస్యమైన స్కోపుకి తయారీదారు వేరే పద్ధతి రాసిస్తారు, అది ఇంకా ఎక్కువసేపు పడుతుంది.

మా దగ్గరికి వచ్చాక మొదట లీక్ టెస్ట్. స్కోపు లోపలికి గాలి ఎక్కించి, నీళ్లలో ముంచి, కొన పైకీ కిందికీ వంచుతూ చూస్తూ ఉండాలి. ఎక్కడైనా చిల్లు ఉంటే అక్కడినుంచి సన్నటి బుడగలు ఒకదాని వెనక ఒకటి ముత్యాల్లా లేస్తాయి. కొన్ని చిల్లుల్లోంచి స్కోపు తిన్నగా ఉన్నప్పుడు రావు, వంచినప్పుడు మాత్రమే వస్తాయి, అందుకే తొందరలో చూసేవాళ్లకి దొరకవు. ఆ తర్వాత ఎంజైమ్ ద్రావణం, ఆ సందులోకి సరిపోయే సన్నటి బ్రష్, బ్రష్ కొన అవతలి వైపు వచ్చాక దాన్ని కడిగి మళ్లీ లోపలికి, అలా మురికి కనపడనంత వరకు. ఆ తర్వాత నీళ్లు. ఆ తర్వాత భూతద్దం కింద చూడటం. అప్పుడు డబ్బా మీద రాసినన్ని నిమిషాలు మందులో, అదీ ఆ రోజు మందు బలం ఎంతుందో స్ట్రిప్ పెట్టి చూసుకున్నాక. మందు కడగడానికి మూడుసార్లు, ప్రతిసారీ కొత్త నీళ్లతో. ఆఖరున ఆరబెట్టడం. 2021లో సవరించిన అమెరికా ప్రమాణం ఎస్‌టీ 91 ప్రకారం కనీసం 10 నిమిషాలు ఒత్తిడి గాలితో ఆరబెట్టాలి. సిస్టోస్కోపుల్నీ యూరిటెరోస్కోపుల్నీ ఎక్కువ ప్రమాదం ఉన్న స్కోపుల జాబితాలో పెట్టింది కూడా అదే ప్రమాణం. ఎందుకంత పట్టుదల అంటే, తడి మిగిలిన సందులో నాలుగు క్రిములు ఉన్నా తెల్లారేసరికి కాపురం పెట్టేస్తాయి. జిగట పొర కట్టుకుంటాయి, దాన్నే బయోఫిల్మ్ అంటారు, ఒకసారి అది కట్టిందంటే మందు కూడా దాని కిందికి దిగడం కష్టం.

ఇదంతా ఒక్క మనిషి సక్రమంగా చేస్తే గంట. అప్పటికి అయ్యింది హై లెవెల్ డిసిన్‌ఫెక్షన్, అంటే దాదాపు అన్ని క్రిముల్నీ చంపడం మాత్రమే. ఒక్క క్రిమీ మిగలని స్టెరిలైజేషన్ కావాలంటే ఇంకా పైన. ఈటీవో, అంటే ఇథిలీన్ ఆక్సైడ్ గ్యాసు అయితే, ఆ గ్యాసు పూర్తిగా బయటికి పోయేదాకా గాలి పట్టించడంతో కలిపి సగం రోజు పైనే. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో పనిచేసే ప్లాస్మా మెషిన్‌లో త్వరగా అవుతుంది గానీ, అన్ని పొడుగు సన్నటి సందులకీ పనికిరాదు, ఏ స్కోపుకి పనికొస్తుందో చూసుకుని పెట్టాలి.

ఇప్పుడు మీ రోజువారీ కేసుల లిస్టు చూసుకోండి. పొద్దున 8 నుంచి మధ్యాహ్నం 2 దాకా పది సిస్టోస్కోపీలు, ఉన్నవి రెండు స్కోపులు. లెక్క మీరే వేసుకోండి.

నా సంగతి ఒకటి చెప్తాను. నేనిప్పుడు పనిచేసే చోట కాదు, అంతకు ముందు ఉన్నచోట. అప్పుడు రెండు ఫ్లెక్సిబుల్ యూరిటెరోస్కోపులు ఉండేవి, ఒకటి రిపేరుకి వెళ్లింది. మిగిలిన ఒక్కదానితో ఆ రోజు మూడు ఆర్‌ఐఆర్‌ఎస్ కేసులు, అంటే కోత లేకుండా స్కోపుతో కిడ్నీలోని రాయి పగలగొట్టేవి. రెండో కేసులో రాయి కిడ్నీ అడుగు భాగంలో ఉంది, అంటే స్కోపుని బాగా వంచి చాలాసేపు పనిచేశారు. స్కోపు మా గదికి వచ్చిన పది నిమిషాలకే ఎంతసేపు అని ఫోను. ఇంకో పది నిమిషాలకి ఇంకో ఫోను, ఈసారి గొంతు మారింది. మూడో పేషెంటుకి అప్పటికే మత్తు ఇచ్చేశారు. నాకు టెన్షన్‌తో చేతులు ఆడలేదు. లీక్ టెస్ట్ వదిలేశాను. బ్రష్ రెండుసార్లు తోసి, మందులో పెట్టి, కడిగి, పూర్తిగా ఆరకుండానే ఇచ్చేశాను. రిజిస్టర్‌లో లీక్ టెస్ట్ గడిలో టిక్కు కూడా పెట్టాను. అది రాయడానికి ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు.

సాయంత్రం అన్నీ అయ్యాక నింపాదిగా టెస్ట్ చేస్తే, వంగే చోట బుడగలు. లేజర్ ఫైబర్‌ని వంచిన స్కోపులోకి నెట్టినప్పుడు దాని కొన లోపలి గోడకి గుచ్చుకుని అలాంటి చిల్లు పడుతుంది. అది రెండో కేసులో పడిందో మూడో కేసులో పడిందో ఎవరికీ తెలీదు, ఎందుకంటే మధ్యలో చూడాల్సింది నేను, చూడలేదు. ఆ రాత్రి మూడో పేషెంటుకి చలిజ్వరం వచ్చింది. బీపీ కూడా పడిపోయింది. నాలుగు రోజులు ఐవీ యాంటీబయాటిక్స్ మీద ఉండి, దేవుడి దయవల్ల బాగై ఇంటికెళ్లాడు. అది స్కోపు వల్లే వచ్చిందని నేను చెప్పలేను. రాయిలోనే క్రిములు ఉండొచ్చు, కిడ్నీ లోపల నీళ్ల ఒత్తిడి ఎక్కువై అవి రక్తంలోకి వెళ్లి ఉండొచ్చు. కానీ స్కోపు వల్ల కాదని కూడా చెప్పలేకపోయాను. ఆ మనిషి భార్య వార్డు బయట కూర్చుని ఉంటే ఆ దారిలో వెళ్లడానికి నాకు కాళ్లు రాలేదు.

ఇది నా ఒక్కదగ్గరే జరిగింది అనుకోకండి. 2021 ఏప్రిల్‌లో అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే ఎఫ్‌డీఏ డాక్టర్లకి ఒక లేఖ రాసింది. 2017 జనవరి నుంచి 2021 ఫిబ్రవరి దాకా, కడిగి వాడిన యూరాలజీ స్కోపులకి సంబంధించి, కేసు తర్వాత ఇన్‌ఫెక్షన్ వచ్చిందనో స్కోపు కలుషితమైందనో 450కి పైగా నివేదికలు అందాయని అందులో ఉంది. అమెరికా బయట జరిగిన మూడు మరణాల ప్రస్తావన కూడా ఉంది. వాటిలో ఒకదానికి సంబంధించిన సిస్టోస్కోపు లీక్ టెస్ట్‌లో పాస్ కాలేదు. ఆ వాక్యం చదివినప్పుడు నేను కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. మొత్తమ్మీద ప్రమాదం తక్కువేనని కూడా ఎఫ్‌డీఏ అదే లేఖలో చెప్పింది, అది దాచి చెప్పడం నాకిష్టం లేదు. అలాగే వాళ్ల లెక్కలో చేరేది ఎవరో గుర్తించి, రాసి పంపినవి మాత్రమే. నేను నాది రాసి పంపలేదు.

ఇంకోటి. 2017లో అమెరికాలోనే రెండు ఆసుపత్రుల్లో స్టెరిలైజ్ చేసి వాడటానికి సిద్ధంగా ఉంచిన 16 యూరిటెరోస్కోపుల్ని పరీక్షించారు. పదహారింటిలోనూ ప్రొటీన్ మిగిలింది. సగం పైన వాటిలో రక్తం ఆనవాళ్లు. రెండింటిలో క్రిములు పెరిగాయి. అన్నిటి మీదా గీతలో, మరకలో, ఏదో ఒక లోపం కనపడింది. పైన పటారం లోన లొటారం అంటామే, అచ్చం అదే. ట్రేలో చూస్తే మిలమిలలాడుతూ ఉంటుంది, లోపలికి సన్నటి కెమెరా పంపితే గోడలు గోళ్లతో రక్కినట్టు ఉంటాయి. ఆ గీతల్లో ఇరుక్కున్నది ఏ బ్రష్‌కీ అందదు.

ఎర్ల్ స్పాల్డింగ్ అనే ఆయన 1960ల్లోనే పరికరాల్ని మూడు తరగతులు చేశారు. చర్మాన్ని తాకేవి, లోపలి పొరల్ని తాకేవి, క్రిమి అన్నదే ఉండకూడని చోటికి వెళ్లేవి. సిస్టోస్కోపు రెండో తరగతి అని, దానికి మందు చాలని చాలాకాలంగా నడుస్తోంది. మరి కిడ్నీ దాకా వెళ్లి, రాయి పగలగొట్టి, పొర చీరి రక్తం కారించే యూరిటెరోస్కోపు ఏ తరగతి? నా మటుకు నాకు అది మూడో తరగతే. స్టెరిలైజ్ చెయ్యాల్సిందే, మందులో ముంచి తీస్తే చాలదు. 2022లో ఎఫ్‌డీఏ కూడా కొన్ని యూరాలజీ స్కోపులకి మందులో ముంచే పద్ధతి మానేసి స్టెరిలైజేషన్‌కి మారమని చెప్పింది. మీ దగ్గర ఉన్న మోడల్ అందులో ఉందో లేదో ఎవరైనా చూశారా? తయారీదారు ఇచ్చిన పుస్తకం మా గదిలో ఉందా? నేను పనిచేసిన మూడు చోట్లలో ఒక్కచోటే ఉంది, అదీ బీరువాలో, తాళం వేసి.

ఇంతా చదివి మీరు, అయితే డిస్పోజబుల్ కొనేస్తే పీడా పోతుంది కదా అంటారు. కొన్ని కేసులకి తప్పకుండా కొనండి. ఇది మా ఉద్యోగాలు పోతాయని భయపడే మనిషి మాట కాదు. డిస్పోజబుల్ స్కోపు ప్యాకెట్ చింపినప్పుడు అది ఎవరి ఒంట్లోకీ వెళ్లలేదు, దాని సందులో గీతలు లేవు, ఎవరి తొందరా దాని మీద పడలేదు. 2016 ప్రాంతంలో డిజిటల్ యూరిటెరోస్కోపులు ఇలా వాడి పారేసే రకంలో మార్కెట్లోకి బాగా వచ్చాయి, ఆ తర్వాత సిస్టోస్కోపులూ వచ్చాయి. రాయి తీయడంలో రెండు రకాల ఫలితాలూ దాదాపు ఒకేలా ఉన్నాయనే ఎక్కువ అధ్యయనాలు చెప్తున్నాయి. కాబట్టి పనికిరాదేమో అన్న అనుమానం అక్కర్లేదు.

ఎక్కడ కొనాలో కూడా చెప్తాను, చనువు తీసుకుంటున్నానని అనుకోకండి. కిడ్నీ అడుగు భాగంలో పెద్ద రాయి, స్కోపుని గంటసేపు మెలితిప్పాల్సిన కేసు, అక్కడ ఖరీదైన రీయూజబుల్ స్కోపు వాడితే ఆ ఒక్క కేసుతో అది రిపేరుకి పోవచ్చు. ఒకసారి రిపేరుకి వెళ్లొచ్చిన స్కోపు మునుపంత కాలం ఆగదని మీకూ తెలుసు. యూరిన్ కల్చర్‌లో, అంటే మూత్రంలోని క్రిముల్ని పెంచి చూసే పరీక్షలో, మొండి క్రిములు వచ్చిన పేషెంటు, ఏ మందుకీ లొంగని రకాలు, వాళ్లకి వాడిన స్కోపుని ఇంకొకరికి వాడాలంటే నాకు గుండె పీచుపీచుమంటుంది. కీమో మీద ఉన్నవాళ్లు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు. అర్ధరాత్రి ఎమర్జెన్సీ, కడిగే మనిషి లేని టైము. వార్డులోనే బెడ్ దగ్గర డీజే స్టెంట్, అంటే మూత్రనాళంలో పెట్టిన సన్నటి గొట్టం, తీసేయాల్సిన పని. ఇవన్నీ డిస్పోజబుల్‌కి పనికొచ్చే చోట్లు. రోజుకి రెండో మూడో ఫ్లెక్సిబుల్ కేసులు ఉండి, కడిగే గదికి మనిషీ గాలీ వెలుతురూ సరిగ్గా ఉన్నచోట మామూలు సిస్టోస్కోపీకి రీయూజబుల్ హాయిగా పనిచేస్తుంది. నేనే చేసి చూపిస్తాను.

కానీ డిస్పోజబుల్ కొన్నంత మాత్రాన పోని సంగతులు రెండున్నాయి. ఒకటి, కేసు తర్వాత వచ్చే జ్వరాలన్నీ స్కోపు వల్ల రావు. ముందు కల్చర్ చేయించకపోవడం, చేయించినా రిపోర్టు రాకముందే కేసు వేసేయడం, రాయిలో ఉన్న క్రిములు, నీళ్ల ఒత్తిడి, కేసు గంటల తరబడి సాగడం, ఇవన్నీ ప్యాకెట్ మార్చినంత మాత్రాన మారవు. ఇవి నాకన్నా మీకే బాగా తెలుసు కాబట్టి ఇక్కడితో ఆపేస్తాను.

రెండోది చెప్పడానికి కాస్త ధైర్యం కావాలి. డిస్పోజబుల్ స్కోపు ప్యాకెట్ మీద ఒక గుర్తు ఉంటుంది, గుండ్రటి గీతలో 2 అంకె, దాని మీద అడ్డంగా కొట్టివేత. రెండోసారి వాడకూడదని దానర్థం. ఆ గుర్తున్న స్కోపుని కడిగి ఈటీవోకి పంపమని నాకు ఒకటికి రెండుసార్లు చెప్పారు. దాన్ని కడగడానికి తయారీదారు ఏ పద్ధతీ రాయలేదు, ఎందుకంటే కడిగే ఉద్దేశంతో దాన్ని చెయ్యలేదు. దాని సందులో బ్రష్ సరిగ్గా పోతుందో లేదో తెలీదు, దాని అతుకులు ఎంజైమ్‌కి ఆగుతాయో లేదో తెలీదు, గ్యాసు లోపల మిగిలిపోతుందో లేదో తెలీదు. చాలావాటికి లీక్ టెస్ట్ చెయ్యడానికి మూతి కూడా ఉండదు. రీయూజబుల్‌ని సరిగ్గా కడగడం కన్నా, డిస్పోజబుల్‌ని ఒక్కసారి వాడటం కన్నా, ఈ మూడో దారి అన్నిటికన్నా ప్రమాదం. డబ్బు లేదు అంటే నాకు అర్థమవుతుంది. అలాంటప్పుడు రీయూజబుల్ కొని, కడిగే గదిని బాగుచెయ్యండి. డిస్పోజబుల్ కొని రెండోసారి వాడకండి. పేషెంటు బిల్లులో కొత్త స్కోపు అని రాసి పాతది వాడితే దాన్ని ఏమంటారో నేను చెప్పక్కర్లేదు.

బ్లాడర్ క్యాన్సర్ పేషెంట్ల గురించి విడిగా రాయాలి. మీకు తెలిసిందే, ప్రమాదం ఎక్కువున్న రకం అయితే మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి, తర్వాత ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి లోపల చూడాలి. అంటే ఐదేళ్లలో 14 సార్లు. మేము వాళ్లని పేరుపేరునా గుర్తుపడతాం. ఒక పెద్దాయన ప్రతిసారీ లోపలికెళ్తూ మా తలుపు దగ్గర ఆగి, ఏమ్మా బాగా తోమారా అని అడిగి వెళ్తారు. ఒక్కసారి రిస్క్ చిన్నదే కావచ్చు, 14 సార్లు అదే మనిషి మీద వేసి చూడండి.

దానికి తోడు మందు సంగతి. స్కోపులు నానబెట్టడానికి చాలాచోట్ల ఓపీఏ వాడతారు, పూర్తి పేరు ఆర్థో థాలాల్డిహైడ్. మంచి మందే, గ్లుటరాల్డిహైడ్ అనే ఇంకో మందులా అంతగా కళ్లు మండించదు. చేతి తొడుగు చిరిగితే వేళ్లు బూడిదరంగుకి తిరుగుతాయి, ప్రొటీన్ తగిలితే అది అలా రంగు మారుస్తుంది, నా ఎడమ బొటనవేలు మీద ఆ మరక ఎన్నోసార్లు వారాల తరబడి ఉండిపోయింది. అదే మందుతో శుద్ధి చేసిన సిస్టోస్కోపుల్ని మళ్లీ మళ్లీ వాడిన బ్లాడర్ క్యాన్సర్ పేషెంట్లలో కొందరికి తీవ్రమైన ఎలర్జీ, అంటే అనాఫిలాక్సిస్ లాంటి రియాక్షన్లు వచ్చాయి. అందుకే బ్లాడర్ క్యాన్సర్ చరిత్ర ఉన్న పేషెంట్లకి వాడే యూరాలజీ పరికరాలకి ఈ మందు వాడకూడదని తయారీదారే లేబుల్ మీద రాశారు. ఇది నిన్న మొన్నటి మాట కాదు, 2004 నాటిది. ఇప్పుడు మీ థియేటర్‌లోకి వెళ్లి అడగండి, బ్లాడర్ క్యాన్సర్ వాళ్ల స్కోపు వేరే మందులో పెడుతున్నారా అని. నాకు ఈ సంగతి ఉద్యోగంలో చేరిన ఐదేళ్లకి తెలిసింది, అదీ డబ్బాలోని కాగితం ఊరికే చదువుతుంటే. అప్పటిదాకా ఆ పెద్దాయన స్కోపు కూడా అందులోనే పెట్టాను. లిస్టులో పేరు పక్కన పేషెంటుకి ఏ జబ్బో రాసి పంపితేనే కదా మాకు తెలిసేది. పేరు, వయసు, కేసు నంబరు, ఇంతే వస్తుంది మాకు.

చెత్త గురించి. డిస్పోజబుల్ అంటే పర్యావరణానికి పాపం, రీయూజబుల్ అంటే పుణ్యం అని తేల్చి చెప్పేవాళ్లు 2018లో ఆస్ట్రేలియాలో వేసిన లెక్క ఒకసారి చూడాలి. ఒక్కో కేసుకి డిస్పోజబుల్ యూరిటెరోస్కోపుకి 4.43 కిలోల కార్బన్ డయాక్సైడ్, రీయూజబుల్‌కి 4.47 కిలోలు. దాదాపు సమానం. మొదటిదానిలో ఎక్కువ భాగం తయారీలో పోతుంది, రెండోదానిలో ఎక్కువ భాగం కడగడం, స్టెరిలైజ్ చెయ్యడంలో పోతుంది. తర్వాత సిస్టోస్కోపుల మీద వచ్చిన లెక్కలు ఒకటి ఇటు, ఒకటి అటు తేలాయి. మెషిన్‌లో ఒక్కో స్కోపు పెట్టి తిప్పితే ఒక లెక్క, రెండు పెట్టి తిప్పితే ఇంకో లెక్క, కరెంటు బొగ్గుదైతే ఒకటి, గాలిదైతే ఒకటి. అందుకని ఎవరైనా ఒక కాగితం తెచ్చి బల్లమీద పెడితే, దాని ఖర్చు ఎవరు పెట్టారో ముందు అడగండి. అయినా నాకు ఒక బాధ మాత్రం ఉంది. వాడి పారేసిన స్కోపు కొనలో కెమెరా చిప్పు, లైటు, వైర్లు, అన్నీ పనిచేస్తూనే ఉంటాయి. గంట పనిచేసిన వస్తువు సంచిలోకి వెళ్లిపోతుంది. డిస్పోజబుల్ కొనేటప్పుడు, వాడినవి వెనక్కి తీసుకుని రీసైకిల్ చేస్తారా అని కంపెనీని ఒప్పందంలోనే అడగండి. అడిగితే కొందరు చేస్తారు, అడక్కపోతే ఎవరూ చెయ్యరు.

ఖర్చు లెక్క మీ పని, అందులో నేను వేలు పెట్టను. ఒక్కమాట మాత్రం. రీయూజబుల్ స్కోపు ధరని కేసుల సంఖ్యతో భాగించి, చూశారా ఎంత చవకో అని చూపిస్తారు. ఆ లెక్కలో రిపేర్లు ఉండవు, స్కోపు రిపేరులో ఉన్నన్నాళ్లు వాయిదా పడ్డ కేసులు ఉండవు, మా జీతాలు, బ్రష్‌లు, ఎంజైమ్, స్ట్రిప్పులు, మెషిన్ సర్వీసింగ్ ఏవీ ఉండవు. మా పనిని సున్నా అని వేస్తే ఏ స్కోపైనా చవకే. అలాగే డిస్పోజబుల్ అమ్మేవాళ్లు తెచ్చే లెక్కలో ప్రతి రీయూజబుల్ స్కోపు పది కేసులకే విరిగిపోతుంది. మీ దగ్గర నిజంగా ఎన్ని కేసులకి విరుగుతోందో మీ రిజిస్టర్ చెప్తుంది, బయటి కాగితాలు చెప్పవు. జాగ్రత్తగా పట్టుకునే డాక్టరు చేతిలో ఎన్నాళ్లు ఆగుతుందో, ఫైబర్ పంపేముందు స్కోపు తిన్నగా చెయ్యని చేతిలో ఎన్నాళ్లు ఆగుతుందో మాకు బాగా తెలుసు. అడిగితే చెప్తాం, పేర్లు చెప్పకుండా.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. స్కోపుల కొనుగోలు మీద మీటింగ్ పెడితే కడిగే గదినుంచి ఒకరిని పిలవండి, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్‌ని కూడా. ఒక గంటలో ఎన్ని స్కోపులు సక్రమంగా తయారవుతాయో చేత్తో చేయించి చూసి, దాన్నిబట్టి లిస్టు వెయ్యండి, లిస్టునిబట్టి కడగమనకండి. స్కోపు లోపలికి చూసే సన్నటి కెమెరా ఒకటి కొనండి, ఒక్క స్కోపు కన్నా చాలా తక్కువే అవుతుంది అది. ఆరబెట్టే గాలి లైను పెట్టించండి. లీక్ టెస్ట్‌లో పోయిన స్కోపుని ఆ రోజుకి పక్కన పెట్టే అధికారం కడిగే మనిషికి ఇవ్వండి, ఎవరు ఫోను చేసినా సరే, ఆ స్కోపు బయటికి రాకూడదు, అలాంటి రోజుకి పక్కన రెండు డిస్పోజబుల్ స్కోపులు ఉంచండి. ఆ రోజు నా దగ్గర అలాంటివి ఒక్కటున్నా చాలేది. ఏ స్కోపు ఏ పేషెంటుకి వాడారో నంబరుతో సహా కేసు షీటులో రాయండి, జ్వరం వస్తే వెనక్కి వెళ్లి వెతుక్కోవడానికి. పేషెంటు అడిగితే మీకు వాడేది కొత్తదా, కడిగిందా అని దాచకుండా చెప్పండి. కడిగిందని చెప్పడం నామోషీ కాదు, బాగా కడిగిందైతే.

మా పనికి నిజమైన ట్రైనింగ్ ఇవ్వండి. నాకు ఈ పని నేర్పింది నాకన్నా ఆర్నెల్ల ముందు చేరిన మనిషి, ఒక మధ్యాహ్నంలో. ఆవిడకి నేర్పింది ఎవరో ఆవిడకే గుర్తులేదు.

ఆఖరుగా ఒక పని చేసి చూడండి, ఎవరినీ అడగక్కర్లేదు. మీ దగ్గరి స్కోపుల రిజిస్టర్ ఒక నెలది తెప్పించుకోండి. ఒక కేసు అయిన టైము, అదే స్కోపు తర్వాతి కేసుకి లోపలికి వెళ్లిన టైము, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మధ్యలో పాతిక నిమిషాలో అరగంటో ఉండి, లీక్ టెస్ట్ నుంచి ఆరబెట్టడం దాకా అన్ని గడుల్లోనూ టిక్కులు కనిపిస్తే, ఆ టిక్కులు పెట్టినవాళ్లని పిలిచి కేకలెయ్యకండి. ఆ రోజు లిస్టులో ఎన్ని కేసులు వేశారో, గదిలో ఎంతమంది ఉన్నారో చూడండి.

ఇట్లు,
యూరాలజీ థియేటర్‌లో స్కోపులు కడిగే మనిషి